జపాన్ కొండల్లో వేడినీటి బుగ్గ: న్యూతో ఒన్‌సెన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కిందటి అక్టోబరులో మా అమ్మ టోక్యో వచ్చినప్పుడు ఇద్దరం అకితా కొండల్లోని న్యూతో ఒన్‌సెన్‌లో రెండు రాత్రులు ఉండి వచ్చాం. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన రోజు నుంచీ ఫోన్లే ఫోన్లు. "నిజంగానే బట్టల్లేకుండా దిగాలా?" దగ్గర్నుంచి "అన్నం దొరుకుతుందా?" దాకా అందరివీ అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అసలు ఇది ఎక్కడుంది? అక్కడ ఏముంటుంది?

జపాన్ ప్రధాన ద్వీపం హోన్షూ ఉత్తర భాగంలో అకితా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ఉంది. అందులో సెంబోకు అనే ఊరి పరిధిలో, తోవాదా-హచిమంతాయ్ జాతీయ పార్కు లోపల ఈ బుగ్గలున్నాయి. ఒన్‌సెన్ అంటే వేడినీటి బుగ్గ. ఆ నీళ్ల చుట్టూ వెలసిన బసను కూడా అదే పేరుతో పిలుస్తారు. ఇక్కడ బస్తీ లేదు, బజారు లేదు. అడవిలో దూరదూరంగా ఏడు సత్రాలున్నాయి: త్సురునోయు, తాయెనోయు, కురోయు, గనిబా, మగోరోకు, ఓగమా, క్యూకమురా. చుట్టూ జపనీయులు 'బునా' అనే బీచ్ చెట్లు. (బీచ్ అన్నానని మా పిన్ని "సముద్రం కూడా ఉందా?" అని అడిగింది. లేదు పిన్నీ, అది చెట్టు పేరు.)

న్యూతో అనే మాటకు అర్థం చనుమొన. వెనకున్న 1,478 మీటర్ల కొండ ఆకారాన్ని బట్టి ఆ పేరొచ్చింది. అదే కొండను అవతలి వైపు ఇవాతే ప్రిఫెక్చర్ వాళ్లు పాతకాలపు టోపీ పేరుతో ఎబోషి అంటారు. ఎవరి వైపు నుంచి వాళ్లకు కనిపించింది వాళ్లు పెట్టుకున్నారు.

ఏడింటిలో ఏది మంచిది?

ఫొటోల్లో అందరూ చూసేది త్సురునోయు. ఏడింటిలో పాతది అదే. 1638లో అకితా ప్రభువు సతాకే యోషితకా వైద్య స్నానాల కోసం ఇక్కడికొచ్చాడు. ఆయన వెంట వచ్చిన కాపలావాళ్లు బస చేసినచోటని చెప్పే గడ్డికప్పు పొడవాటి ఇల్లు, హొంజిన్, ఇప్పటికీ సత్రంలో భాగమే. త్సురు అంటే కొంగ జాతి పక్షి. గాయపడ్డ పక్షి ఈ నీళ్లలో గాయం మాన్పుకుంటుంటే ఒక వేటగాడు చూశాడని స్థలపురాణం. మన ఊళ్లలో పుట్ట మీద ఆవు పాలు కార్చిన కథల్లాంటిదే.

అయితే త్సురునోయులో గది దొరక్కపోతే ట్రిప్పే మానుకోవాల్సిన పని లేదు. మేం అక్కడ ఒక రాత్రి, క్యూకమురాలో ఒక రాత్రి ఉన్నాం. క్యూకమురా మామూలు హోటల్‌లా ఉంటుంది, గదిలో టాయిలెట్ ఉంటుంది, భోజనం బఫే. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను మొదట దాని పేరే చెబుతాను. తాయెనోయు సెలయేటి ఒడ్డున ఉంది, ఇనుము కలిసిన గోధుమరంగు నీళ్లు దాని ప్రత్యేకత. ఓగమా ఒకప్పటి చెక్క బడి భవనాన్ని తెచ్చి కట్టుకున్న సత్రం. కురోయు లోయ చివర్లో ఉంటుంది, నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా మంచుకు మూసేస్తారు. ఒక చోటి నీళ్లు పాలలా ఉంటే ఇంకో చోట తేటగా, మరో చోట తుప్పు రంగులో ఉంటాయి. నడిచి వెళ్లేంత దూరంలోనే నీళ్లు ఇంతలా మారిపోవడమే ఈ చోటికి ఇంత పేరు తెచ్చింది.

ఈ సత్రాల్లో రాత్రి బస చేసేవాళ్లకు 'యుమేగురి-చో' అనే పాస్ అమ్ముతారు. అది కొంటే ఏడు చోట్లా స్నానం చేయొచ్చు, సత్రాల మధ్య తిరిగే చిన్న బస్సు ఎక్కొచ్చు. నా మాట వింటే ఏడూ చుట్టాలని పెట్టుకోకండి. మొదటిరోజు నేను లిస్టు పట్టుకుని మధ్యాహ్నానికే మూడు తిరిగాను. సాయంత్రానికి ఒళ్లు నానబెట్టిన అటుకుల్లా తయారైంది. అమ్మ మాత్రం వరండాలో కూర్చుని, ఆకులు రాలడం చూస్తూ ఒక గ్లాసు టీ గంటసేపు తాగింది. ఎవరు సరిగ్గా సెలవు తీసుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

టోక్యో నుంచి ఎలా వెళ్లాలి?

టోక్యో స్టేషన్‌లో కొమాచి అనే ఎర్ర షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) ఎక్కి తజావాకో స్టేషన్‌లో దిగాలి. సుమారు మూడు గంటలు. అన్నీ రిజర్వుడు సీట్లే, కాబట్టి ముందే బుక్ చేసుకోండి. మొరియోకా దాకా ఇది పచ్చటి హయబుసా రైలుతో ముక్కూ తోకా కలుపుకుని గంటకు 320 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. మొరియోకాలో రెండూ విడిపోతాయి. అక్కడి నుంచి మామూలు పట్టాల మీద, లెవెల్ క్రాసింగులు దాటుకుంటూ, కొండల మధ్య ప్యాసింజరు బండిలా పోతుంది. అమ్మ "ఇదేమే, బుల్లెట్ ట్రైన్ అన్నావు!" అంది. బయటకు చూడటానికి మాత్రం ఆ చివరి అరగంటే బాగుంటుంది.

తజావాకో నుంచి బస్సులో దాదాపు 50 నిమిషాలు. త్సురునోయుకి వెళ్లేవాళ్లు చివరిదాకా వెళ్లకుండా 'ఆల్పా కొమకుసా' అనే స్టాపులో దిగాలి, అక్కడికి సత్రం వ్యాన్ వస్తుంది. వస్తుంది అంటే, ఏ బస్సుకు వస్తున్నారో మీరు ముందే ఫోన్ చేసి చెబితేనే వస్తుంది. నేను ఈమెయిల్ బుకింగ్‌తోనే పనైపోయిందనుకున్నాను. సన్నటి వానలో నలభై నిమిషాలు నిలబడ్డాం. అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

పెద్ద సూట్‌కేసులు తీసుకెళ్లకండి. టోక్యోలో హోటల్ నుంచే కొరియర్‌లో తర్వాతి హోటల్‌కు పంపేయొచ్చు. దీన్ని తక్క్యూబిన్ అంటారు. ఒక చేతిసంచితో వెళ్లినవాళ్లే సుఖపడతారు. దేశమంతా తిరిగే ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకు పెరిగింది. ఈ ఒక్క ప్రయాణానికి రానూపోనూ ఛార్జీ ముప్ఫై వేల పైచిలుకే, కాబట్టి వేరే ఊళ్లు కూడా తిరిగేట్టయితేనే పాస్ గిట్టుబాటు.

ఖర్చు ఎంతవుతుంది?

సత్రాల్లో ధర గదికి కాదు, మనిషికి. అందులో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిసే ఉంటాయి. గదిని, కాలాన్ని బట్టి మనిషికి సుమారు 12,000 నుంచి 25,000 యెన్‌ల దాకా అనుకోండి. బిల్లులో 'స్నానపు పన్ను' అని తలకు రోజుకు 150 యెన్‌లు కనిపిస్తే కంగారు పడకండి, అది స్థానిక పన్ను. టిప్పులు ఇవ్వక్కర్లేదు, ఇచ్చినా తీసుకోరు. నగదు దగ్గర ఉంచుకోండి, కొండల్లో ఏటీఎం వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

ఉండకుండా పగలు స్నానం చేసి వచ్చేయాలంటే కొన్ని వందల యెన్‌లతో అయిపోతుంది. త్సురునోయు పగటి సందర్శకులను ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా రానిస్తుంది, సోమవారం బయటి కొలను శుభ్రం చేసుకుంటారు. కానీ టూరిస్టులంతా వెళ్లిపోయాక, సాయంత్రం నాలుగు దాటాక ఆ చోటు వేరేగా ఉంటుంది. దానికోసమే రాత్రి ఉండాలి.

నిజంగానే బట్టల్లేకుండా దిగాలా?

అవును. స్విమ్‌సూట్, నైటీ, చీర, లోదుస్తులు, ఏవీ పనికిరావు. బద్రీనాథ్ తప్తకుండంలో చీర కట్టుకుని మునిగిన అలవాటుతో అమ్మ మొదటి రోజు "ఛీ, చచ్చినా రాను, నువ్వెళ్లి రా" అని గదిలోనే కూర్చుంది.

ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు స్నానాల గదులుంటాయి. గుమ్మానికి వేలాడే తెర మీద ఆడవాళ్లదైతే 女 అని, మగవాళ్లదైతే 男 అని రాసి ఉంటుంది. ఈ రెండు అక్షరాలూ గుర్తుపెట్టుకుంటే చాలు. త్సురునోయులో పెద్ద బయటి కొలను మాత్రం ఇద్దరికీ కలిపి ఉంటుంది. నీళ్లు మజ్జిగలా తెల్లగా ఉండటంతో లోపల కూర్చున్నాక మెడ కింద ఏమీ కనిపించదు. ఇష్టం లేకపోతే అటు వెళ్లనే అక్కర్లేదు, ఆడవాళ్లకు విడిగా బయటి కొలను కూడా ఉంది.

సిగ్గు గురించి ఒక్క మాట. లోపల ఎవరూ ఎవరినీ చూడరు. అక్కడ డెబ్భై ఏళ్ల ముసలమ్మలు, నిండు గర్భిణులు, ఆపరేషన్ మచ్చలున్నవాళ్లు, అందరూ ఉంటారు. ఐదు నిమిషాల తర్వాత మన ఒళ్లు మనకే గుర్తుండదు. రెండోరోజు తెల్లవారుజామున ఐదింటికి లేచి చూస్తే పక్కన అమ్మ పరుపు ఖాళీగా ఉంది. వెళ్లి చూస్తే, తలమీద మడతపెట్టిన చిన్న టవల్‌తో నీళ్లలో కూర్చుని, పక్కనున్న జపాన్ బామ్మతో సైగలతో మాట్లాడుతోంది.

స్నానం పద్ధతి ఏమిటి? తప్పు చేస్తే ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది.

కొలను ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, నానడానికి. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతావన్నీ అవే వస్తాయి.

బట్టలు బుట్టలో పెట్టి చిన్న టవల్ ఒకటి తీసుకుని లోపలికి వెళ్తాం. గోడ వారన చిన్న స్టూళ్లు, షవర్లు ఉంటాయి. స్టూలు మీద కూర్చునే సబ్బుతో పూర్తిగా స్నానం చేయాలి, నిలబడి చేస్తే పక్కవాళ్ల మీద చిందుతుంది. ఇక్కడ మనవాళ్లు చూసుకోవాల్సినవి రెండు: తలకు రాసుకున్న కొబ్బరినూనె, ఒంటికి రాసుకున్న పసుపు. రెండూ పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి, లేకపోతే నీళ్ల మీద తెట్టె కడుతుంది. జడ విప్పుకుని దిగొద్దు, జుట్టు నీళ్లకు తగలకుండా పైకి ముడేసుకోవాలి. షవర్ లేని పాత గదుల్లో చెంబులాంటి చెక్క గిన్నెతో ఒంటిమీద నాలుగుసార్లు నీళ్లు పోసుకుని దిగుతారు. ముందు కాళ్ల మీద, తర్వాత భుజాల మీద. అలా చేస్తే ఒంటికి వేడి అలవాటవుతుంది.

టవల్ నీళ్లలో ముంచొద్దు. ఈత కొట్టొద్దు, ఫోన్ తీయొద్దు. నెలసరి రోజుల్లో దిగొద్దు. డైపర్ వయసు పిల్లల్ని చాలా చోట్ల రానివ్వరు. పచ్చబొట్లు ఉంటే కొన్ని సత్రాలు అభ్యంతరం చెబుతాయి. అమ్మ మోచేతి మీద చిన్నప్పటి పచ్చబొట్టు ఉంది. మేం ముందే అడిగాం, పర్లేదన్నారు. మీరూ అడగండి.

బయటికొచ్చాక ఇచ్చే యుకతా అనే నూలు అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి. మా పక్క గదామె అమ్మను ఆపి, మాట్లాడకుండా సరిచేసి వెళ్లింది.

నీళ్లు ఎలా ఉంటాయి? ఎంతసేపు ఉండాలి?

త్సురునోయు బయటి కొలనులో అడుగున గులకరాళ్లుంటాయి. నీళ్లు గొట్టంలోంచి రావు, ఆ రాళ్ల సందుల్లోంచే ఊరతాయి. కదలకుండా కూర్చుంటే తొడల కింద నుంచి వేడి బుడగ ఒకటి జారి పైకొచ్చి, చెవి పక్కన టప్పున పగిలేది. బుగ్గ అనే మాట మనవాళ్లు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తెలిసింది. గంధకం వాసన మొదట కుళ్లిన గుడ్డులా ఉంటుంది, పావుగంటలో ముక్కుకి అలవాటైపోతుంది.

మామూలుగా నీళ్లు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. ఒకసారికి పది నిమిషాలు, మహా అయితే పదిహేను. నుదుట చెమట పట్టగానే లేచి గట్టు మీద కూర్చోండి. ముందూ తర్వాతా మంచినీళ్లు తాగండి. కడుపు నిండా తిన్నాకా, మందు తాగాకా దిగొద్దు. రోజుకు రెండు మూడు సార్లకు మించితే నీరసం వస్తుంది. దానికి వాళ్ల భాషలో 'యుఅతారి' అని పేరే ఉంది.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వెళ్లొచ్చా?

డాక్టర్‌ను అడిగే వెళ్లండి, ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. చలికాలంలో చల్లటి బట్టల గదిలోంచి ఒక్కసారిగా వేడినీళ్లలోకి దిగితే బీపీ తలకిందులవుతుంది. పెద్దవాళ్లకు అదే ప్రమాదం. గర్భిణులు దిగకూడదనే పాత హెచ్చరికను జపాన్ పర్యావరణ మంత్రిత్వ శాఖ 2014లో తొలగించింది. అయినా జారే రాళ్లు, వేడి ఉన్నాయి కాబట్టి మీ డాక్టర్ మాటే చివరి మాట. అమ్మ బీపీ మాత్ర వేసుకుని, సగం వరకే నీళ్లుండే మెట్టు మీద కూర్చునేది.

నీళ్లు రోగాలు నయం చేస్తాయా అని కూడా అడుగుతున్నారు. ఇక్కడి పల్లెవాళ్లు కోతలయ్యాక వారం రోజులు వచ్చి ఉండి, వండుకు తింటూ స్నానాలు చేసే అలవాటు తరతరాలుగా ఉంది. దాన్ని తోజి అంటారు. ఒళ్లు నొప్పులకు హాయిగా ఉంటుందన్నది నిజం. మందులు మానేసి రావొద్దు.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ఇదే అసలు చిక్కు. రాత్రి భోజనంలో త్సురునోయు పేరుపడ్డ వంటకం కొండచేమ ఉండల పులుసు. దుంపను తురిమి ఉండలు చేసి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రసంలో ఉడికిస్తారు. పేరు వింటే మనకు బాగానే ఉంటుంది, కానీ అందులో పంది మాంసం పడుతుంది. పక్కన పుల్లకు గుచ్చి ఉప్పుతో కాల్చిన ఇవానా చేప. ఇవి తీసేయమన్నా మిగిలినవాటిలో దషి ఉంటుంది. దషి అంటే ఎండు చేప తురుముతో కాచిన చారు, సాంబారుకు చింతపండులా వాళ్ల వంటకు అదే పునాది. "నో మీట్" అంటే చేప లేదని వాళ్లకు అర్థం కాదు, "నో ఫిష్" అంటే దషి లేదనీ అర్థం కాదు. బుక్ చేసేటప్పుడే రాయాలి: మాంసం, చేప, దషి మూడూ వద్దు అని. ఆ రోజు వెళ్లి చెబితే కొండమీద వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

అన్నం విషయంలో దిగులు వద్దు. అకితా అంటేనే బియ్యం. మనం ఎక్కొచ్చిన రైలుకూ, ఇక్కడి 'అకితా కొమాచి' బియ్యానికీ ఒకే పేరు, పాతకాలపు కవయిత్రి ఓనో నో కొమాచిది. పొద్దున వేడి అన్నం, ఇబురిగక్కో అనే పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ, కొండ కూరలు వచ్చాయి. అమ్మ బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీసింది. ఆ ముల్లంగి, కందిపొడి, వేడన్నం కలిస్తే నిజంగా బాగుంది, ఒట్టు. ఇంటి నుంచి పొడులు తెచ్చుకోండి. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం జపాన్‌లోకి తేవొద్దు, మాంసం ఉన్న ఏ ఆహారాన్నీ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు.

భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు. మన హైదరాబాద్ టైమింగ్స్ కుదరవు. సాయంత్రం ఐదులోపే చేరుకోండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఆకులు రంగు మారేది అక్టోబరు మధ్యలో. గదులు నెలల ముందే అయిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో మనిషి ఎత్తు మంచు ఉంటుంది, తలమీద మంచు పడుతుంటే నీళ్లలో కూర్చోవడం కోసమే చాలామంది అప్పుడు వస్తారు. కానీ రైళ్లు, బస్సులు ఆలస్యం కావచ్చు, ఒకరోజు అదనంగా పెట్టుకోండి. జనం లేని ప్రశాంతత కావాలంటే మే చివర, జూన్. లేత ఆకుల పచ్చదనానికి అప్పుడు పోటీ లేదు.

ఎలుగుబంట్లు ఉంటాయటగా?

ఉంటాయి. 2023లో అకితాలో ఎలుగుల దాడులు ఎన్నడూ లేనంతగా జరిగాయి. 2025లోనూ తీవ్రంగా ఉండి, ఆ నవంబరులో బోన్లు మోయడానికి ఆత్మరక్షణ దళాలనే (అంటే జపాన్ సైన్యాన్ని) పిలిపించారు. కాలిబాట మూసి ఉందని సత్రంవాళ్లు చెబితే వాదించకండి. తెల్లవారుజామున, సందెవేళ అడవిలోకి నడవకండి. బ్యాగుకు చిన్న గంట కట్టుకోండి.

ఇంకో సంగతి ఎవరూ అడగరు గానీ చెప్పాలి: పొగలొచ్చే గుంటల దగ్గర తాడు కట్టి ఉంటే దాటొద్దు. గంధకం వాయువు పల్లంలో పేరుకుంటుంది. 2005 డిసెంబరులో ఇదే ప్రిఫెక్చర్‌లోని దొరోయు అనే చోట దానివల్ల ఒక కుటుంబంలో నలుగురూ చనిపోయారు.

మన దగ్గర ఇలాంటివి లేవా?

ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయి, దాన్ని ఉష్ణగుండం అంటారు. జపాన్‌లో 1948 నాటి చట్టం ప్రకారం నీళ్లు 25 డిగ్రీలు దాటి ఊరితే చాలు, ఒన్‌సెన్ కిందే లెక్క. ఆ లెక్కన మనదీ ఒన్‌సెనే. అగ్నిపర్వతాలు లేకపోయినా భూమి లోతుల్లోని వేడికి కాగి పగుళ్లలోంచి పైకొచ్చే నీళ్లవి. తేడా నీళ్లలో లేదు, చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది.

నగలు పెట్టుకుని దిగొచ్చా?

మేలిమి బంగారానికి ఏమీ కాదు. వెండికి అవుతుంది. త్సురునోయు నీళ్లలో మొదటి స్నానం అయ్యాక చూస్తే అమ్మ మెట్టెలు బొగ్గులా నల్లబడ్డాయి. గంధకం వెండితో కలిస్తే అంతే. మెట్టెలు నల్లబడటం మంచిది కాదంటారని అమ్మ ముఖం చిన్నబోయింది. సత్రం ఆవిడకు సైగ చేసి చూపిస్తే, నవ్వుతూ తన వేలి వెండి ఉంగరం చూపించింది. అదీ నల్లగానే ఉంది. కాబట్టి మెట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు గదిలోనే తీసి పెట్టండి. తీయడం ఇష్టం లేకపోతే గంధకం లేని నీళ్లున్న సత్రం ఎంచుకోండి. ఒకవేళ నల్లబడితే, గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా వేసి, మరిగిన నీళ్లు పోసి అందులో వేస్తే పోతుంది. అమ్మ మాత్రం ఇంటికెళ్లాక విభూతితో తోమింది. తెల్లబడ్డాయి. టవళ్లకు పట్టిన వాసనకు ఏ చిట్కా లేదు, మూడు ఉతుకులు పడుతుంది. మిగతా బట్టలతో కలిపి వేయకండి.